నీలం పట్టా లెక్క

కిందటి వారం మనం ఆగిన చోటే బస్సు ఇంకా ఆగి ఉంది. మంచు కొండల్లో, పైగుడి నుంచి కింది ఊరికి దిగే ఇరుకుదారి మొదట్లో, గేటు ముందు. ఈ దారిలో ఒకసారికి ఒకవైపు బళ్లనే వదులుతారు. పైకి రావలసినవన్నీ వచ్చేస్తేగాని మాకు గేటు ఎత్తరు. మధ్యాహ్నం రెండున్నర అయింది. బస్సులో ముప్పై ఆరుమంది శాలువాలు కప్పుకుని, నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు.

మధ్యలో ఎక్కినవాళ్ల కోసం నా సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను యాత్రల మేనేజర్ని. ఇరవై ఆరేళ్లుగా జనాన్ని పోగేసుకుని ఈ కొండల్లో తిప్పుతున్నాను. తొమ్మిది రోజులు, నాలుగు కొండ ఊళ్లు, ఏడు గుళ్లు. మెడలో విజిల్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి ప్రయాణికులు నన్ను విజిల్ సార్ అంటారు. నేను వినడం లేదనుకున్నప్పుడు ఇంకేవో కూడా అంటారు. ఈసారి పన్నెండో నంబరు సీట్లో ఒంటరిగా ఎక్కిన అమ్మాయి నా సొంత మేనకోడలని ఐదు రోజుల పాటు నేను పోల్చుకోలేకపోయాను. చివరిసారి చూసినప్పుడు దానికి పదిహేనేళ్లు, రెండు జడలు. ఇవాళ పొద్దున పైగుడి మెట్లు దిగుతూ నా పక్కకి వచ్చి, తను ఎవరో చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పదకొండేళ్ల కిందట మా నాన్నని ఇక్కడే వదిలేసి బస్సెందుకు కదిలించావు మామయ్యా?"

వినపడనట్టు విజిల్ ఊదాను. అందరినీ గబగబా బస్సెక్కించాను. బస్సు కదిలితే చాలు, బతికిపోతానని అనుకున్నాను. తీరా రెండు మలుపులు తిరిగేసరికి గేటు అడ్డం పడింది. డ్రైవరు టీ తాగడానికి దిగిపోయాడు. మేనకోడలు తన సీట్లోంచి లేచి వచ్చి, ముందు వరసలో నా పక్కన కూర్చుంది.

"ఇప్పుడు విజిల్ పనిచెయ్యదు. గేటు తీసేదాకా నువ్వూ నేనూ ఇక్కడే" అంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం దానిది. కదలకుండా ఉండమని రోజుకు యాభైమందికి చెప్పి చెప్పి కాబోలు, మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది. నేను కదలకుండా కూర్చున్నాను.

"నేను వదిలెయ్యలేదు. మీ నాన్నే అలిగి ఉండిపోయాడు" అన్నాను.

"అలిగాడని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మీ నాన్న సంగతి నాకు తెలీదా?"

నాకు ముక్కుమీద కోపం. దాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు. పదకొండేళ్లుగా నాలో నేను అనుకుంటున్నదంతా ఒక్కసారిగా దాని ముందు కక్కేశాను. మా బావ డ్రాయింగు మాస్టారు. అక్క పంపబట్టి ఆ ఏడు నాతో యాత్రకు వచ్చాడు. అప్పుడు దీనికి పరీక్షలు, అక్క రాలేదు. మొదటి కొండ ఊళ్లో చెరువు దగ్గర అందరూ పడవలెక్కి, దిగి, ఫొటోలు తీయించుకుని, ఊలు బట్టల బజారంతా చుట్టి వచ్చేస్తే, మా బావ ఇంకా గట్టుమీద కూర్చుని ఒక పడవవాడి చెవి గీస్తున్నాడు. రెండో ఊళ్లో సూర్యోదయం చూపించడానికి తెల్లవారకముందే అందరినీ లేపి కొండ అంచుకి తీసుకెళితే, సూర్యుడు వచ్చి గంటయినా ఈయన కదలడు. గుడికో గంట, మలుపుకో అరగంట. ముప్పై ఎనిమిది మంది ఒకాయన కోసం బస్సులో కూర్చుని గోళ్లు గిల్లుకోవడం. నా సొంత బావ కాబట్టి ఎవరూ పైకి అనరు, నావైపు చూస్తారు.

ఐదో రోజు పొద్దున, ఈ పైగుడికి బయల్దేరేముందు, అందరి ముందూ అనేశాను. "ఇది మీ బడి కాదు బావా. ఇక్కడ గంట కొట్టేది నేను" అని.

ఆయన నవ్వాడు. బస్సు కొండ ఎక్కుతుంటే పుస్తకం తీసి ఏదో గీశాడు. ఆ పుస్తకం చేతులు మారుతూ వెనక్కి వెళ్లింది. ఒక్కొక్క వరసా పకపకలాడటం మొదలుపెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి చూస్తే, నోట్లో విజిల్‌తో నేను, చేతిలో కర్ర, నా ముందు స్వెట్టర్లు వేసుకున్న గొర్రెల మంద. పోలిక అచ్చు గుద్దినట్టు ఉంది. వెనక సీట్లో ముసలావిడ నవ్వీ నవ్వీ పొలమారి నీళ్లు అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"దాంతో నేను నాలుగు మాటలు అన్నాను. ఆయన అవి మనసులో పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం గుడి దిగి, బస్సెక్కకుండా కావాలని ఎటో పోయాడు. నన్ను ఏడిపించడానికి. అంతే" అన్నాను మేనకోడలితో.

"దిగాడని నీకెలా తెలుసు?"

"పట్టా ఖాళీ అయింది కాబట్టి."

అర్థం కానట్టు చూసింది. చెప్పవలసి వచ్చింది. మిగతా మేనేజర్లు బస్సులో తలలు లెక్కపెడతారు. తలలు కుదురుగా ఉండవు. ఒకటి కిటికీలోంచి బయటికి ఉంటుంది, ఒకటి సీటు కింద సంచి వెతుకుతూ ఉంటుంది, ఒకటి చెట్టు చాటుకి వెళ్లి ఉంటుంది. నాది వేరే పద్ధతి. గుడి మెట్ల మొదట్లో నీలం టార్పాలిన్ పట్టా ఒకటి పరుస్తాను. అందరూ చెప్పులు దానిమీదే విడవాలి. గుడిలోకి చెప్పులతో ఎవరూ పోరు, తిరిగొచ్చాక చెప్పులు లేకుండా ఈ చలిలో ఎవరూ అడుగు వెయ్యరు. పట్టా ఖాళీ అయిందంటే అందరూ దిగేసినట్టే. పట్టా మడుస్తాను, బస్సెక్కుతాను. ఇరవై ఆరేళ్లలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదని కొత్తగా చేరిన మేనేజర్లందరికీ నేనే నేర్పాను.

"ఆ రోజు కూడా పట్టా ఖాళీగా ఉందా?"

"నా కళ్లతో చూశాను."

మేనకోడలు నా కాళ్లవైపు చూసింది.

"నాన్న కాళ్లకి చెప్పులు లేవు మామయ్యా. తొమ్మిది కిలోమీటర్లు వట్టి కాళ్లతో నడిచాడు. ఆ సాయంత్రం మంచు కరిగి దారంతా బురద. కిందున్న మొదటి ఇల్లు చేరేసరికి కాళ్లున్నాయో లేవో తెలియలేదట. కుడికాలి వేళ్లు మూడు తీసేశారు. ఆ ఎక్స్‌రేలు ఇంట్లో ఉన్నాయి. నేను ఈ ఉద్యోగంలో చేరాక వాటిని మొదటిసారి సరిగ్గా చూశాను."

వేళ్లు పోయాయని నాకు తెలుసు. ఎవరో చెప్పగా విన్నాను. బూట్లలోకి మంచు దూరి ఉంటుందని, మొండితనానికి పోయి నడిచాడని, ఎవరు నడవమన్నారని అనుకున్నాను. వట్టి కాళ్లని నాకు తెలియదు.

"అదెలా కుదురుతుంది? పట్టామీద ఒక్క జత లేదు. నేను చూశాను కదా" అన్నాను.

వెనక సీట్లో శాలువా కదిలింది. దర్జీ మాస్టారు. డెబ్బై దాటినాయన, నాతో యాత్రకు రావడం ఇది నాలుగోసారి. పదకొండేళ్ల కిందటి ఆ బస్సులో కూడా ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

"మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట సార్. ఆ చెప్పులు నేను వేసుకున్నాను" అన్నాడు.

మేమిద్దరం వెనక్కి తిరిగాం.

"నాకు షుగరు. ఆ పొద్దునే నా చెప్పు తెగింది. కాళ్లీడ్చుకుంటూ ఎలాగో గుడిదాకా వచ్చాను. దర్శనం అయ్యాక మెట్లమీద ఆ డ్రాయింగు మాస్టారుగారు కూర్చుని బొమ్మ వేసుకుంటూ నన్ను చూశారు. షుగరున్న కాళ్లు, ఈ చల్లటి బురదలో పెట్టకండి, పట్టామీద ఆ గోధుమరంగు జత నాదే, వేసుకుని బస్సుదాకా వెళ్లండి, నేను వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చేస్తాను అన్నారు. నా తెగిన జత సంచిలో పడేసుకుని, ఆయనవి వేసుకుని వచ్చేశాను."

బస్సు ఆ రోజు మెట్లకు దూరంగా, రెండు వందల అడుగుల అవతల ఆపించాను. ఇంజను వేడెక్కించమని డ్రైవరుకు చెప్పడానికి మధ్యలో ఒకసారి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పట్టా ఖాళీ.

"మరి ఆయన ఎక్కలేదని మీరు చెప్పలేదేం?" అని అడిగింది మేనకోడలు. కసిరినట్టు కాదు, తెలుసుకోవాలని.

"అప్పుడు నాది చివరి సీటు తల్లీ. మాత్ర వేసుకుని పడుకున్నాను. మేనేజరుగారి సొంత బావ కదా, ఆయన్ని ఎందుకు వదిలేస్తారు, ముందు సీట్లోనే ఉంటారనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర కనపడకపోతే అప్పుడు తెలిసింది. అలిగి పైన సత్రంలో ఉండిపోయాడని సార్ అందరికీ చెప్పారు. నాకు అనుమానం వచ్చింది. ఆ చెప్పులు పట్టుకుని సార్ గదికి వెళ్లాను. మీ బావగారిది ఒకటి నా దగ్గర అని మొదలుపెట్టేసరికి..."

ఆగిపోయాడు. మంచి మనిషి, నన్ను కాపాడుదామనుకున్నాడు. నాకు గుర్తొచ్చింది. గుమ్మంలో ఈయన, వెనక్కి పెట్టుకున్న చేతులు. నేను అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"ఆయన పేరెత్తితే నా ముందు నిలబడకండి అన్నాను" అని నేనే పూర్తి చేశాను.

"కుటుంబ గొడవలు కదా, మనకెందుకని ఊరుకున్నాను సార్. తప్పు నాదే."

తప్పు ఆయనది కాదు. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఆ రాత్రే నాకు అంతా తెలిసేది. తెల్లవారేలోపు జీపులో పైకి వెళ్లేవాణ్ని, ఆసుపత్రిలో బావ మంచం పక్కన కూర్చునేవాణ్ని. నోరు పారేసుకున్నాను. బావ మూడు వారాలకి ఇల్లు చేరాడు. నేను పలకరించడానికి వెళితే అక్క తలుపు సగమే తెరిచింది. "నా గడప తొక్కకు, నీ గడప నేను తొక్కను" అంది. సరే పో అని నేనూ వచ్చేశాను. మళ్లీ వెళ్లి తలుపు కొట్టలేదు. నా భార్య పోయినప్పుడు కబురు పంపాను, అక్క రాలేదు. వాకిట్లోకి ఎవరు వచ్చినా తలెత్తి చూస్తూ ఆ రోజంతా కూర్చున్నాను. ఆ తర్వాత నాకు కోపం చాలా పనికొచ్చింది. అది లేకపోతే ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయేవాణ్ని.

దర్జీ మాస్టారు మెల్లగా లేచి, మమ్మల్ని వదిలి కిందికి దిగాడు. మేనకోడలు చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. కానీ దాని మొహంలో ఏదో తేటపడింది.

"అంటే పొరపాటేనన్నమాట. కావాలని చెయ్యలేదు" అంది.

నేను మెడలో విజిల్ సర్దుకున్నాను.

"అమ్మకి పోయిన నెల కంటికి ఆపరేషన్ అయింది మామయ్యా. కట్టు విప్పాక పాత ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చుంది. వాడి మొహం సరిగ్గా గుర్తుకు రావడంలేదే అంది. నాన్న విన్నాడు. మర్నాడు నాన్నే ఈ యాత్రకు నా పేరు రాయించాడు. వెళ్లి మీ మామయ్యని అడుగు, పొరపాటైందంటే వెంటనే అమ్మకి ఫోన్ చెయ్యి, అంతకుమించి ఏమీ అడక్కు అన్నాడు."

"మీ నాన్న పంపాడా నిన్ను?"

"నాన్నే. చేస్తున్నాను, ఉండు."

ఫోను తీసి, సిగ్నలు కోసం కిటికీ దగ్గరికి జరిగింది. గేటు పక్కన కొండచరియ మీద ఎండ పడుతోంది. అవతల ఎక్కడో పైకొచ్చే బళ్ల హారన్లు వినపడుతున్నాయి.

ఇన్ని వారాలుగా నా కథ చదువుతున్న మీకు కూడా నేనొకటి చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పను.

ఆ రోజుల్లో నాలుగింటికి ఈ గేటు మూసేసి కాపలావాళ్లు దిగిపోయేవారు. మూడూ నలభై ఐదయింది. పట్టా మడిచి బస్సెక్కాను. బస్సు కదిలి పది గజాలు వచ్చింది. అప్పటి డ్రైవరు పెద్దాయన, అద్దంలో చూసి, "సార్, వెనకాల ఎవరో వస్తున్నట్టున్నారు" అన్నాడు. నేను తలుపు పట్టుకుని బయటికి వంగి చూశాను. దూరంగా, మెట్ల మొదట్లో, ఒక మనిషి చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. మెడలో మెరూన్ రంగు మఫ్లరు. అది మా అక్క అల్లింది. అల్లుతున్నప్పుడు ఊలు ఉండ పట్టుకుని కూర్చున్నది నేనే.

కాళ్లవైపు చూడలేదు. అది నిజం. కానీ మనిషిని చూశాను. పైన సత్రం ఉంది కదా, ఒక్క రాత్రి చలిలో పడుకుంటే గంట ఎవరు కొడతారో తెలిసొస్తుంది అనుకున్నాను. ఆ పొద్దునే సత్రానికి తాళంవేసి వాళ్లంతా దిగిపోయారని నాకు తెలియదు. లోపలికి వచ్చి, "మనవాళ్లు కాదు, పోనీ" అన్నాను. పట్టా ఖాళీగా ఉండటం నాకు కలిసొచ్చింది. ఎవరడిగినా పట్టా చూపించాను. చూపించగా చూపించగా, మెట్ల దగ్గర ఎవరినీ చూడలేదని నాకే నమ్మకం కుదిరింది. ఇవాళ దర్జీ మాస్టారు ఆ పట్టాని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"అమ్మా, నేనే. మామయ్య పక్కనే ఉన్నాడు. లేదమ్మా, పొరపాటు. నిజంగా పొరపాటే. అంతా తర్వాత చెప్తాను, నువ్వు ముందు మాట్లాడు" అంటూ మేనకోడలు ఫోను నా చేతిలో పెట్టింది. స్పీకరు నొక్కి, తను కూడా వినాలని నా భుజానికి ఆనుకుని కూర్చుంది.

ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఏరా" అంది అక్క.

"అక్కా."

"గొంతేంటి అలా అయిపోయింది? జలుబు చేసిందా? చెవులకి ఏమీ కట్టుకోలేదా ఆ చలిలో?"

పదకొండేళ్ల తర్వాత తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తిట్లకి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది.

"నాకు తెలుసురా. బయటికి ఎన్నన్నా, లోపల నాకు తెలుసు. వాడు చూసుంటే వదిలేవాడు కాదు, చూడలేదంతే అని మీ బావతో ఎన్నిసార్లు అన్నానో. మీ బొమ్మల పిచ్చి వల్లే కాళ్లు పోయాయి, నా తమ్ముడూ పోయాడు, మీరు వేళకి దిగుంటే ఇంత జరిగేదా అని రోజూ దెప్పుతూనే ఉన్నాను. ఒక్కరోజు నోరు తెరిచి జవాబు చెప్పలేదు ఆ మనిషి. ఏం చెప్తాడు, తప్పు తనది కాబట్టి. ఇదిగో, ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. సరేలే, అయిపోయిందేదో అయిపోయింది. నువ్వు యాత్రవాళ్లని దింపేసి నేరుగా ఇంటికి రా. చూసి చాలా కాలమైందిరా నిన్ను."

మేనకోడలు నా చెయ్యి నొక్కింది. నేను చెయ్యవలసిందల్లా, వస్తానక్కా అనడమే. నాలుగు అక్షరాల పని. ఆ నాలుగు అక్షరాలూ నోటిదాకా వచ్చాయి. పక్కన నేలచూపులు చూస్తూ బావ కూర్చుని ఉన్నాడని అక్క అనకుండా ఉంటే, నేను అనేసేవాణ్ని కూడా.

"అక్కా, బావది తప్పు కాదు. నేను చూశాను" అన్నాను.

"ఏం చూశావు?"

"బస్సు కదిలాక వెనక్కి చూశాను. బావ చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. నువ్వు అల్లిన మఫ్లరు వేసుకుని ఉన్నాడు. చూసి, బస్సు పోనిమ్మన్నాను."

నా భుజానికి ఆనుకున్న బరువు మెల్లగా తప్పుకుంది. నేను అటు తిరిగి చూడలేదు. ఫోనులో ఏదో ఒరుసుకున్న చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఫోను చేతులు మారింది.

"ఎందుకు చెప్పావయ్యా?" అన్నాడు బావ. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "నువ్వు తలుపులోంచి వంగి చూడటం నేను చూశాను. మీ అక్కకి తమ్ముడంటూ ఒకడు మిగలాలని పదకొండేళ్లుగా ఆ మాట దాచుకుంటూ వస్తున్నాను కదా."

ఆ వెనకనుంచి అక్క గొంతు వినపడింది.

"ఫోను ఇటివ్వండి."